ఎవరి సంచి వాళ్లే మొయ్యాలి

నాకు కుడి భుజం సరిగ్గా పనిచెయ్యదు. ఎస్తేరుకు ఎడమ మోకాలు పనిచెయ్యదు. పోయినేడు కొద్ది నెలల తేడాతో ఇద్దరికీ ఆపరేషన్లయ్యాయి. నన్ను బరువులెత్తొద్దన్నారు డాక్టరుగారు. ఆమెను మెట్లెక్కడం తగ్గించమన్నారు. ఆ రెండు మాటలూ శ్రద్ధగా విని ఇంటికొచ్చాక, రైల్లో వెళ్లి పడమటి సముద్రం చూసి రావాలని ఇద్దరం నిర్ణయించుకున్నాం.

మేమిద్దరం డబ్బింగ్ చెబుతాం. సినిమాల్లో, సీరియళ్లలో తల్లులకు, అత్తలకు, అప్పుడప్పుడు దెయ్యాలకు కూడా మా గొంతులే. నేను ఫిల్మ్‌నగర్‌లో ఉంటాను, ఎస్తేరు షేక్‌పేటలో. తెర మీద మా తల్లులు కాశీ వెళ్లారు, విదేశాలు వెళ్లారు, మంచుకొండల మీద కొడుకుల్ని వెతుక్కున్నారు. మేం మాత్రం కిటికీ లేని గదిలో నిలబడి వాళ్ల ఆయాసం మైకులోకి వదిలి, ఆటో ఎక్కి ఇంటికొచ్చేవాళ్లం. ఎస్తేరు పుట్టింది బాపట్ల దగ్గర. తూర్పున సూర్యుడు సముద్రంలోంచి పైకి రావడం చిన్నప్పుడు రోజూ చూసిందట. నీళ్లలో మునిగిపోయే సూర్యుణ్ణి ఒక్కసారైనా చూడాలని ఆమె కోరిక. నాకు ఏ సముద్రమైనా ఒకటే. నాకు కావలసింది వేరే.

ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఇంట్లో నన్ను మంచినీళ్ల సీసా కూడా ఎత్తనివ్వడం లేదు. మా ఆయన ప్రసాద్ గారు కుక్కరు దించుతారు, బకెట్టు మోస్తారు, నా చేతిసంచి కూడా ఆయన భుజానికే. అంతా ప్రేమే. కానీ ఏడాది గడిచేసరికి నా వంటింట్లో నేను చేతులు కట్టుకుని నిలబడే చుట్టంలా తయారయ్యాను. ప్రయాణం మాట ఎత్తగానే విమానంలో వెళ్లమన్నారు, కాదంటే తానూ వస్తానన్నారు. ఎస్తేరు కొడుకు మధురానగర్ నుంచి వచ్చి, కారు, డ్రైవరు ఇస్తానన్నాడు. మేం రెండూ వద్దన్నాం. వద్దని ఇద్దరం ఒక నియమం పెట్టుకున్నాం. తన సామాను తాను ఎత్తి బెర్తు మీద పెట్టలేని మనిషి, ఎత్తగలిగేదాకా అందులోంచి తీసెయ్యాలి. ఎందుకంటే దారిలో ఒక్కసారి ఫోన్ చేసి మమ్మల్ని తీసుకెళ్లండి అన్నామంటే, ఇక మమ్మల్ని ఎవరూ వెంగళరావు నగర్ దాటనివ్వరు.

జూబ్లీహిల్స్ ఎత్తులు

మా అటక మీద పెద్ద చక్రాల పెట్టె ఉంది. సగం సర్ది మంచం మీదికి ఎత్తబోయాను, లేవలేదు. చక్రాలున్నాయి కదా అన్నారు ప్రసాద్ గారు. చక్రాలు నేల నున్నగా ఉన్నంతవరకే. రైలెక్కే మెట్ల దగ్గర, వంతెన దగ్గర ఆ పెట్టెను మనం మోయాల్సిందే. దాన్ని మళ్లీ అటకెక్కించి, మా అమ్మాయి కాలేజీ రోజుల వీపుసంచి బయటికి తీశాను. షేక్‌పేటలో సంచులు కుట్టే దుకాణంలో ఇచ్చి, నడుముకు వెడల్పాటి పట్టీ వేయించాను. పట్టీ బిగిస్తే బరువు తుంటి మీద ఆగుతుంది, భుజం మీద ఊరికే ఆని ఉంటుంది.

సంచి సిద్ధమైంది కానీ నేను సిద్ధమయ్యానో లేదో తెలియాలి. రోజూ పొద్దున్నే దాన్ని సర్దుకుని వీపున తగిలించుకుని, ఫిల్మ్‌నగర్ నుంచి జూబ్లీహిల్స్ ఎత్తుల మీదికి నడిచాను. అక్కడి రోడ్లు మనిషి సత్తా తేల్చేస్తాయి. మొదటి రోజు సగం ఎత్తులోనే కూలబడ్డాను. ఇంటికొచ్చి పట్టుచీర తీసేశాను. ఎవరైనా పిలిస్తే కట్టుకోవాలి కదా అని పెట్టిన చీర అది. తెలియని ఊళ్లో నన్నెవరు పిలుస్తారు? మర్నాడు రెండో తువ్వాలు, ఆ తర్వాత చదవాలనుకున్న లావుపాటి పుస్తకం పోయాయి. ఒక బంగళా దగ్గర వాచ్‌మన్ నన్ను రోజూ చూసి చూసి, చివరికి గేటు తీసుకుని వచ్చి, "ఏ ఇంటికమ్మా డెలివరీ? అడ్రస్ దొరుకుతలేదా?" అని అడిగాడు. లేదయ్యా, గోవా పోతున్నా అన్నాను. ఆయన రోడ్డు కిందికీ పైకీ చూసి, "గిట్లనేనా?" అన్నాడు.

చివరికి సంచిలో మిగిలింది పల్చటి చుడీదార్లు రెండు జతలు, లోపలి బట్టలు, ఒక తువ్వాలు, మందులు, ఒక చిన్న సబ్బు. ఒంటి మీద ఒక జత. ఎస్తేరు బయటికి ఏనాడూ చుడీదారు వేసుకోలేదు. తొందరగా ఆరే సింథటిక్ చీరలు రెండు పెట్టుకుంది. ఆమెకు మాత్రం చక్రాల పెట్టే కావాలి, మోకాలికి ఊతంగా ఉంటుందట. చిన్నది, విమానంలో పైన పెట్టుకునేంతది కొంది. మా ఇంటికి తెచ్చి మా దివాన్ మీదికి ఎత్తి చూపించింది. మొదటిసారి లేవలేదు. ఇస్త్రీపెట్టె తీసింది, సున్నుండల డబ్బా తీసింది. పండుమిరపకాయ పచ్చడి, బైబిలు మాత్రం తీసేది లేదంది. ఎత్తితే చాలు. ఎత్తింది.

స్టేషనుకు తీసుకెళ్లిన క్యాబ్ డ్రైవరు డిక్కీ తెరిచి, మా సామాను చూసి, మిగతాది ఎవరు తెస్తున్నారని అడిగాడు. ఇంతేనన్నాం. ఆయన భార్య వేములవాడ పోతే కూడా ఇంతకు రెండింతలు కడుతుందట.

హుబ్బళ్లి

సికింద్రాబాద్‌లో ఎక్కి గుంతకల్లు, బళ్లారి మీదుగా పగలంతా ప్రయాణం. వాన పడిన నల్లరేగడి, జొన్న చేలు. బోగీలో మా కాళ్ల కింద తప్ప అందరి కాళ్ల కిందా సామాను ఉంది. పక్కింటివాళ్ల పెళ్లి చూసి వస్తున్న ఒక కుటుంబం మా సీటు కింద ఖాళీ జాగా చూసి, ఒక పెట్టె తోసుకోవచ్చా అని ఎంతో మర్యాదగా అడిగింది. తోసుకున్నారు. తర్వాత ఇంకోటి తోశారు. తేలిగ్గా వెళ్లేవాళ్ల జాగా ఎప్పుడూ ఊరందరిదీ.

హుబ్బళ్లి స్టేషను బయట గిర్మిట్ తిన్నాం. మరమరాల్లో చింతపండు, బెల్లం, ఉల్లిపాయ వేసి కలుపుతారు, పక్కన పచ్చిమిరపకాయ బజ్జీ. కర్నూలు ఉగ్గానికి దగ్గర చుట్టం, కాకపోతే నోట్లో పెట్టగానే తీపి తగులుతుంది. జొన్నరొట్టె, వంకాయ కూర, వేరుశనగ పొడి కలిపి భోజనం. ఇద్దరం కడుపు నిండా తిన్నా, జూబ్లీహిల్స్‌లో ఒక్క కాఫీకి ఇచ్చేంత కాలేదు. ఎస్తేరు పండుమిరపకాయ పచ్చడి తీసి వడ్డించే ఆయనకు కాస్త రుచి చూపించింది. ఆయన కళ్లు తుడుచుకుంటూ లోపలికెళ్లి, వంటవాణ్ణి వెంటబెట్టుకుని మళ్లీ వచ్చాడు.

లాడ్జిలో లిఫ్టు లేదు. గది పై అంతస్తులో. మేనేజరు మనిషిని పిలుస్తానన్నాడు. ఎస్తేరు వద్దంది. పెట్టెను ఒక మెట్టు పైన పెట్టడం, కుడికాలు వేయడం, ఎడమకాలు చేర్చుకోవడం. నేను వెనక నిలబడ్డాను కానీ చెయ్యి వెయ్యలేదు. వేస్తే నియమం పోతుంది, ఆమెకు కోపమూ వస్తుంది. పైకి చేరి గోడకు ఆనుకుని, చెమట తుడుచుకుని, "లోకంలో ఇళ్లన్నీ గ్రౌండ్ ఫ్లోరే కట్టుకోకూడదటే?" అంది.

నేను తప్పు చేసింది ఆ రోజే. దిగగానే ఒక జత ఉతికి ఆరేశాను. మన హైదరాబాదులో ఆగస్టులోనైనా ఫ్యాను కింద తెల్లారేసరికి ఆరిపోతాయి. అక్కడి గాలికి చెమ్మ పట్టి, పొద్దునకు ఉతికినదానికంటే తడిగా తోచాయి. వాటిని ప్లాస్టిక్ సంచిలో కట్టి వీపున వేసుకున్నాను. తడి బట్ట బరువేమిటో ఆ రోజు తెలిసింది.

లోండా దాటాక

మర్నాడు విజయవాడ వైపు నుంచి గోవా వెళ్లే బండి ఎక్కాం. ఎక్కగానే తెలుగు వినిపించింది. మా ఎదుటి సీట్లో సుజాత అని ముప్ఫైయేళ్ల అమ్మాయి, ఆమె నాలుగేళ్ల కూతురు లాస్య. నరసరావుపేట దగ్గరి ఊరు వాళ్లది. భర్తకు వాస్కోలో ఓడలు బాగుచేసే చోట ఉద్యోగం. ఏడాదిగా ఒక్కడే ఉండి, ఇప్పుడు ఇల్లు తీసుకుని వీళ్లను రమ్మన్నాడు. ఆమె సామాను రెండు పెద్ద పెట్టెలు, ఒక బియ్యం బస్తా, పాత దుప్పటి చుట్టి తాళ్లు కట్టిన ఇంకేదో గుండ్రటి వస్తువు. అదేమిటని ఎస్తేరు అడిగింది. రుబ్బురోలు గ్రైండరు. కొత్త కాపురానికి వాళ్లమ్మ కొనిచ్చింది.

నేను మాట్లాడుతుంటే లాస్య నా నోటికేసి అదేపనిగా చూసింది. చివరికి తల్లి చెవిలో, ఈమె టీవీలో కోడలికి అన్నం పెట్టని అత్త అని చెప్పింది. సుజాత కంగారుపడింది. నిజమేనమ్మా అని నేను ఒప్పుకున్నాను. ఆ తర్వాత ఆ పిల్ల నా దగ్గర్నుంచి బిస్కెట్టు తీసుకోవడానికి చాలాసేపు ఆలోచించింది.

లోండా దాటాక అడవి మొదలైంది. చెట్లకూ ఆకాశానికీ మధ్య తేడా లేనంత వాన. ఘాటు దిగబోయే ముందు ఒక చిన్న స్టేషనులో బండి ఆగింది. ఆగి, ఇంక కదలలేదు. కొంతసేపటికి రైల్వే ఉద్యోగి ఒకాయన గొడుగుతో బోగీ బోగీకీ వచ్చి చెప్పాడు. ముందు కొండచరియ విరిగి పట్టాల మీద పడింది, బండి ఇక ముందుకు వెళ్లదు. మడగావ్ దాకా బస్సులు వేస్తున్నారు. కానీ ఊరి దగ్గర వాగు మీది చిన్న వంతెన బస్సుల బరువుకు ఆగదు. వంతెన అవతలికి నడిచి వెళ్లాలి.

బండి బండంతా లేచింది. అప్పటిదాకా సీట్ల కింద దాక్కున్న సామానంతా ఒక్కసారి దారిలోకి వచ్చిపడింది. కూలీలు లేరు. మేమిద్దరం మా సంచులు తీసుకుని ప్లాట్‌ఫారం మీదికి దిగాం. అక్కడ చూస్తే బురద. ఎస్తేరు పెట్టె చక్రాలు రెండడుగులకే కూరుకుపోయాయి. ఎత్తి మోద్దామంటే, ఒక చెయ్యి గొడుగు ఊతానికి కావాలి. ఆమె ఆ పెట్టె వైపు చూసింది, నా వీపు వైపు చూసింది. నియమం పెట్టింది మేమే. ఇద్దరం స్టేషను అరుగు మీద పెట్టె తెరిచాం. చీరలు, మందులు, బైబిలు నా సంచిలోకి మారాయి. పచ్చడి సీసా కూడా మారింది. ఖాళీ పెట్టెను స్టేషను మాస్టరు గదిలో పెట్టుకోనిచ్చారు. నడుము పట్టీ ఇంకొంచెం బిగించాను. తడిబట్టలతో, ఆమె చీరలతో సంచి జూబ్లీహిల్స్ ఎత్తుల మీద మోసినదానికంటే బరువెక్కింది. అయినా లేచి నిలబడ్డాను.

అప్పుడు చూస్తే సుజాత దిగలేదు. కిటికీ దగ్గర పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చునే ఉంది. మళ్లీ ఎక్కి, ఆలస్యం చేస్తే బస్సులు వెళ్లిపోతాయని చెప్పాను. సామానంతా వదిలి ఎలా రాను అంది. పట్టాలు బాగయ్యేదాకా బండిలోనే ఉంటానంది. ఎన్ని రోజులు పడుతుందో ఎవరికీ తెలియదని నేనన్నాను. స్టేషనులో పెట్టి వెళ్తే, మీ ఆయన వచ్చి తీసుకెళ్తాడని చెప్పాను. ఆమె గ్రైండరు మీద చెయ్యి తియ్యలేదు.

"అక్కడ నాకెవరూ తెలీదు ఆంటీ," అంది. "భాష రాదు. ఇవన్నీ ఉంటే కాస్త మా ఇల్లులా ఉంటదని తెచ్చుకుంటన్నా. ఇవి కూడా లేకుండా ఉత్త చేతులతో ఆ ఇంట్లోకి పోతే ఏం చెయ్యను?"

ఆమెది మూర్ఖత్వమని అప్పటిదాకా లోపల విసుక్కుంటున్నాను. ఆ విసుగు అక్కడితో పోయింది. పట్టుచీర నేనెందుకు పెట్టుకున్నానో, ఎస్తేరు పచ్చడి ఎందుకు వదల్లేదో ఆమె నోట విన్నాను.

ఎస్తేరు మెట్టు మీద నిలబడి, లోపలికి వంగి చూస్తోంది. పైకెక్కితే మళ్లీ దిగాలి కనక అక్కణ్ణుంచే మాట్లాడింది. "అది రాయి తల్లీ. ఎక్కడికీ పోదు. రేపు కాకపోతే ఎల్లుండి నీ ఇంటికొస్తది. పిల్ల మాత్రం ఇప్పుడే తడవకుండా పోవాల. లే."

సుజాత లేచింది. రైల్వే ఉద్యోగి, ఇంకో ప్రయాణికుడు కలిసి గ్రైండరును, బస్తాను, ఒక పెట్టెను స్టేషను మాస్టరు గదిలోకి చేర్చారు. మిగిలిన పెట్టెలోంచి పాప బట్టలు, తనవి రెండు చీరలు తీసి దుప్పట్లో మూటకట్టుకుంది. ఆ పెట్టె కూడా లోపలికి పోయింది. స్టేషను మాస్టరు తన కుర్చీ కోసం కొంచెం జాగా వదలమని అడిగాడు.

నడిచాం. సుజాత నెత్తిన మూట, చంకలో పాప. నా వీపున ఇద్దరి సామాను. ఎస్తేరు రెండు గొడుగుల్లో ఒకటి కర్రలా పొడుచుకుంటూ, ఇంకోటి పాప మీద పట్టుకుని నడిచింది. పెట్టెలున్నవాళ్లు దారంతా ఆగి ఆగి వస్తున్నారు. మేం ముగ్గురం వాళ్లను దాటుకుంటూ వెళ్లాం. సగం దూరంలో నా భుజం గుచ్చడం మొదలైంది. ఆగి, పట్టీని తుంటి మీదికి దించుకున్నాను. ఇంకాస్త దూరం పోయాక ఎస్తేరు ఒక కల్వర్టు గోడ మీద కూర్చుండిపోయింది. మోకాలు చీర పైనుంచే ఉబ్బి కనిపిస్తోంది. ముఖం పాలిపోయింది.

"ఫోన్లో సిగ్నల్ ఉందా?" అని అడిగింది.

తీసి చూశాను. ఒక్క గీత ఉందన్నాను.

"అయితే లోపల పెట్టు," అంది. "తడుస్తది."

పాపను దించమని సుజాతకు చెప్పాను. లాస్యను నా ఎడమచేత్తో పట్టుకున్నాను. సుజాత ఖాళీ అయిన చేతిని ఎస్తేరు నడుం చుట్టూ వేసింది. అలా వంతెన దాటాం. అన్నం పెట్టని అత్త వేలు పట్టుకుని ఆ పిల్ల ఒక్కసారి కూడా ఏడవలేదు. అవతల ఒక్క బస్సే మిగిలింది. మమ్మల్ని చూసి డ్రైవరు ఇంజను ఆపి, దిగి వచ్చి, ఎస్తేరును రెండు రెక్కలూ పట్టుకుని ఎక్కించాడు. నియమం సామానుకే కానీ మనుషులకు కాదు.

మడగావ్

మడగావ్‌లో సుజాత భర్త, కబురు తెలిసి వచ్చి, వానలో నిలబడి ఉన్నాడు. భార్య చేతిలోని మూట చూసి, సామానేదని అడగలేదు. పాపను ఎత్తుకున్నాడు.

ఎస్తేరు మోకాలు చూసిన డాక్టరు, ఎముకకు ఏమీ కాలేదు, వాపు తగ్గేదాకా కదలొద్దన్నాడు. స్టేషను దగ్గర ఒక ముసలావిడ ఇంట్లో గది తీసుకున్నాం. ఆ రోజు ఇంటికి ఫోన్ చేశాం. చేరామని, వాన బాగా పడుతోందని చెప్పాం. రెండూ నిజమే. మంచం మీద కాలు ఎత్తిపెట్టుకుని, తిరిగి వెళ్లిపోదామా అని నేను ఒక్కసారే అడిగాను. సముద్రం ఎటువైపుందని ఎస్తేరు అడిగింది.

ఆ ఊళ్లో పొద్దున్నే సైకిలు మీద హారను మోగించుకుంటూ రొట్టెలు తెస్తారు, మన దగ్గర పాలవాడు వచ్చినట్టు. లోపల డొల్లగా, పైన తవుడు చల్లి ఉండే రొట్టె. దాన్ని బఠాణీ కూరలో ముంచుకుని తినాలి. అన్నంలోకి కొబ్బరిపాలలో పుల్లటి ఎర్రకాయ పిండిన చారు. మన చారులా పొగలు రాదు, చల్లగా తాగుతారు. ఎస్తేరు ఒక గుక్క తాగి, పచ్చడి సీసా మూత తిప్పింది. ఇంటావిడకు తెలుగు రాదు, మాకు కొంకణి రాదు. అయినా ఆమె గోడ మీది సిలువ చూపించింది, ఎస్తేరు బైబిలు చూపించింది. ఆ తర్వాత మా కాఫీ గ్లాసులు పెద్దవయ్యాయి.

ఎస్తేరు కాలు నేల మీద పెట్టగలిగిన రోజున సుజాత భర్త ఒక టిఫిన్ క్యారియరు, ఎస్తేరు పెట్టె తీసుకుని వచ్చాడు. వ్యాను మాట్లాడుకుని వెళ్లి సామానంతా తెచ్చుకున్నారట. క్యారియరులో ఇడ్లీలు, కొబ్బరి పచ్చడి. గ్రైండరుకు దారిలో ఏమీ కాలేదు. మొదటి వాయి ఇంటి ఓనరు ఇంటికి పంపారట. ఇడ్లీలు బాగున్నాయని ఆవిడ గిన్నెతో వచ్చి, పిండి అడిగిందని నవ్వాడు.

కార్వార్

మడగావ్ నుంచి కార్వార్‌కు రైల్లో పెద్ద దూరం లేదు. సొరంగం, వాగు, కొబ్బరిచెట్లు, మళ్లీ సొరంగం. ఎస్తేరు పెట్టెను తానే ఎత్తి ఎక్కించుకుంది, తానే దించుకుంది. నా సంచి మళ్లీ పాత బరువుకు వచ్చింది.

సముద్రం స్టేషనుకు దూరమే. ఆటోలో వెళ్లాం. రెండు సాయంత్రాలు ఇసుకలో కూర్చున్నాం. ఆకాశమంతా మబ్బు. సూర్యుడు ఎక్కడ మునిగాడో కూడా తెలియలేదు. మూడో సాయంత్రమే చివరిది, మర్నాడు బస్సులో హుబ్బళ్లి వెళ్లి మా బండి అందుకోవాలి. ఆ రోజు మబ్బు కింద, నీళ్లకు కొంచెం పైన, వెడల్పాటి పగులు వచ్చింది. అందులోకి సూర్యుడు దిగాడు. ఎర్రగా, గుండ్రంగా కనిపించింది కాసేపే. అడుగు నీళ్లకు తగిలింది. బీచిలో ఎవరూ ప్రత్యేకంగా చూడలేదు, వాళ్లకది రోజూ ఉండేదే.

ఎస్తేరు లేచి నిలబడింది. అలలకేసి నడిచింది. పెట్టెలో తెచ్చుకున్న రెండు చీరలూ ఇంకా గదిలో తడిగా వేలాడుతున్నాయి. ఒంటి మీదున్నది ఒక్కటే పొడిది. మర్నాడు రోజంతా ప్రయాణం. ఆ మాట నేను వెనకనుంచి గట్టిగానే చెప్పాను.

"నాకు తెలుసు," అంది వెనక్కి చూడకుండా, నీళ్లలోకి దిగింది.

నా సంగతీ అంతే. ఒక జత తడిది, ఇంకో జత మాసినది, ఒంటి మీద ఒకటి. చెప్పులు విడిచి, సంచి ఇసుక మీద పెట్టి, నేనూ వెళ్లాను. అల వచ్చి నడుం దాకా తడిపింది. ఎస్తేరు కిందపడకుండా నా ఎడమచెయ్యి పట్టుకుంది. సూర్యుడు పూర్తిగా దిగిపోయేదాకా ఇద్దరం అలాగే నిలబడి, మర్నాడు ఉప్పుతో గరగరలాడే బట్టల్లో బస్సెక్కాం.